భైరవికి ఒక్క పాటైనా ఇవ్వలేదేం?

సంగీతం చుట్టూ అల్లిన సినిమాలంటే మన ఆడవాళ్ళకి ఇష్టం ఒక పాలు ఎక్కువే. ఎందుకుండదు? చిన్నప్పుడు సరళీస్వరాలు మొదలుపెట్టేదీ ఆడపిల్లలే, పెళ్ళి కుదరగానే మానేసేదీ ఆడపిల్లలే. పెళ్ళిచూపుల్లో ఒక కీర్తన పాడించుకున్న పెద్దమనుషులు ఆ తర్వాత మళ్ళీ పాడమని అడిగిన దాఖలాలు తక్కువ. హార్మోనియం పెట్టె అటకెక్కుతుంది. పాట వంటింట్లో కూనిరాగమై మిగులుతుంది. అందుకే కాబోలు తెరమీద ఎవరైనా తంబురా శ్రుతి చేస్తూ కనిపిస్తే, చేతిలో పని చేతిలోనే ఉంచి కూర్చుండిపోతాం.

అలా కూర్చోబెట్టే సినిమాల్లో ‘సింధుభైరవి’ ఒకటి. 1985లో కె. బాలచందర్ తమిళంలో తీశాడు. బాలచందర్ అంటే మనకి పరాయివాడేం కాదు. ‘అంతులేని కథ’, ‘మరో చరిత్ర’, ‘ఇది కథ కాదు’, ‘ఆకలిరాజ్యం’ ఇచ్చినవాడు. మధ్యతరగతి ఇంటి గడప లోపల ఏం జరుగుతుందో తెలిసినవాడు. సంగీతం ఇళయరాజా. పాటలు ఏసుదాసు, చిత్ర. ఈ సినిమాకి జాతీయ అవార్డులు మూడు ముఖ్యమైనవి వచ్చాయి. ఉత్తమ నటిగా సుహాసినికి, ఉత్తమ సంగీత దర్శకుడిగా ఇళయరాజాకి, ఉత్తమ గాయనిగా చిత్రకి. చిత్రకి అదే మొదటి జాతీయ అవార్డు.

విడుదలైన రోజుల్లో నేను దీన్ని అర్థం చేసుకునే వయసులో లేను. పెద్దదాన్నయ్యాక చూశాను. ఆ తర్వాత ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. చూసిన ప్రతిసారీ చెవులకి పండగే. మనసుకి మాత్రం ఎక్కడో ఒక ముల్లు. ఆ ముల్లు ఏమిటో ఈ వారం మీతో చెప్పుకుందామని.

కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అయినా రెండు మాటల్లో చెబుతాను. జె.కె.బి. పేరుమోసిన కర్ణాటక సంగీత విద్వాంసుడు. శివకుమార్ వేశాడు. సంగీతం విషయంలో నిప్పులాంటి మనిషి. మృదంగం వాయించే ఆయన తాగి కచేరీకి వస్తే, వేదిక మీంచి పంపేసి, మృదంగం లేకుండానే పాడేంత పట్టుదల. ఇంట్లో భార్య భైరవి. ఆమెకి మొగుడంటే ప్రాణం. సంగీతం మాత్రం రాదు. రాగం పేరు తెలీదు, తాళం తెలీదు. పిల్లలు లేరు. ఒకరోజు కచేరీలో సింధు అనే బడిపంతులమ్మ లేచి నిలబడుతుంది. పిల్లలకి పాటలు నేర్పే టీచరు. “అందరికీ అర్థమయ్యే తమిళంలో పాడకూడదా?” అని అడుగుతుంది. ఆయనకి కోపం వస్తుంది. అంత తెలిసినదానివి నువ్వే పాడి చూపించమంటాడు. ఆమె పాడుతుంది. ఆయన ఓడిపోతాడు. ఓడిపోయిన చోటే మనసు పారేసుకుంటాడు.

ఆ తర్వాత జరగవలసినవన్నీ జరుగుతాయి. స్నేహం ప్రేమవుతుంది. ప్రేమ ఊరికి తెలుస్తుంది, ఇంటికి తెలుస్తుంది. సింధు దూరమైతే ఆ మహా విద్వాంసుడు తాగుబోతు అవుతాడు. ఎవరినైతే తాగినందుకు వేదిక దింపాడో, ఆ మనిషి కంటే కిందికి జారతాడు. చివరికి సింధు వచ్చి మళ్ళీ మనిషిని చేస్తుంది. తను కన్న బిడ్డని భైరవి చేతుల్లో పెట్టి, ఊరు విడిచి వెళ్ళిపోతుంది.

ముందు సంగీతం సంగతి మాట్లాడుకుందాం. ఎందుకంటే ఈ సినిమాలో నాకు నూటికి నూరు పాళ్ళు నచ్చింది అదే.

సింధు వేదికెక్కి పాడే పాట ‘పాడరియేన్’. పల్లెటూరి పాటలా మొదలవుతుంది. చదువు రాని పిల్ల పొలం గట్టు మీద నిలబడి పాడుతున్నట్టే ఉంటుంది. వింటూ వింటూ ఉండగానే ఆ పాట తెలియకుండా త్యాగరాజస్వామి ‘మరి మరి నిన్నే’ కీర్తనలోకి వెళ్ళిపోతుంది. అతుకు ఎక్కడుందో వెతికినా దొరకదు. ఆ కీర్తన అసలు కాంభోజి రాగంలోది. ఇళయరాజా దాన్ని సారమతిలోకి మార్చాడు. సారమతి అంటే మనకి ‘మోక్షము గలదా’ గుర్తొస్తుంది. ఆ దిగులు, ఆ వేడికోలు ఆ రాగంలోనే ఉన్నాయి. కీర్తన రాగం మార్చినందుకు అప్పట్లో సంప్రదాయం తెలిసినవాళ్ళు నొసలు చిట్లించారంటే ఆశ్చర్యం లేదు. ఇంట్లో తాతలనాటి కాసులపేరు చెరిపించి కొత్త ఫ్యాషను గొలుసు చేయిస్తే అమ్మమ్మ ఊరుకుంటుందా!

కానీ సింధు చెప్పదలుచుకున్నది అదే కదా. నాటుపాటకీ, మేటి కీర్తనకీ పునాది ఒకటే అని. మాటలతో వాదించి ఉంటే అదొక ఉపన్యాసం అయ్యేది. రాగంతో వాదించింది గనక జె.కె.బి.కి జవాబు దొరకలేదు. ఇళయరాజా కూడా అలా వచ్చినవాడేగా! మధుర వైపు పణ్ణైపురం అనే పల్లెటూళ్ళో పుట్టి, అన్నగారి వెంట ఊరూరా పాటలు పాడుతూ తిరిగి, ఆ తర్వాత మద్రాసు వచ్చి శాస్త్రం నేర్చుకున్నవాడు. ఆయన తన కథనే సింధు గొంతులో పెట్టాడని నాకనిపిస్తుంది. చిత్ర అప్పటికి సినిమాల్లో కొత్త పిల్ల. ఆ గొంతులో ఉన్న లేతదనం, ‘నాకేం రాదండీ’ అంటూనే అంతా పాడేసే అణకువ, ఆ పాటకి అచ్చంగా సరిపోయాయి.

ఇంకో పాట ‘కలైవాణియే’. కల్యాణి రాగం. సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఆరోహణ, అవరోహణ తెలుసు కదా, స్వరాలు మెట్లెక్కడం ఆరోహణ, దిగడం అవరోహణ. ఈ పాటంతా ఆరోహణే! దిగడం అనేది లేదు. గొంతు ఎక్కుతూనే ఉంటుంది. ఆ సంగతి తెలియకుండా విన్నా, ఏదో వెలితి, ఏదో అందనిదాని కోసం చెయ్యి చాపుతున్నట్టు ఉంటుంది. తెలిసి వింటే ఒళ్ళు జలదరిస్తుంది. లెక్కలు కట్టి చేసిన పాట లెక్కల్లా వినిపించకపోవడంలో ఉంది ఆయన గొప్పతనం. మనం కూడా పప్పులో ఇంగువ ఎంత వేశామో చెప్పం, తిన్నవాళ్ళకి తెలిస్తే చాలనుకుంటాం.

ఏసుదాసు గొంతు గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? నాట రాగంలో ‘మహాగణపతిం’ పాడిన నిండుతనం ఒకటి. కానడలో ‘పూమాలై వాంగి వందాన్’ పాటలో పతనమైన మనిషి గొంతు ఒకటి. రెండూ ఒకే మనిషివి. పడిపోయినవాడు కూడా శ్రుతి తప్పడు, చూడండి. ఒళ్ళు తూలుతుంది, పాట తూలదు. విద్య మనిషి కంటే గట్టిదని ఆ ఒక్క పాట చెబుతుంది.

ఇక భాష గొడవ. తెలుగువాళ్ళం గనక ఇది మనకి కాస్త గుచ్చుకునే చోటు. “తెలుగు పాటలు మాకు అర్థం కావు, తమిళంలో పాడండి” అని కథానాయిక అడిగితే హాలంతా చప్పట్లు కొడుతుంటే, మన త్యాగయ్యని ఎవరో వాకిట్లో నిలబెట్టినట్టు అనిపించదూ? నాకు మొదట అలాగే అనిపించింది. తర్వాత నెమ్మదిగా ఆలోచిస్తే సింధు అడిగినదాంట్లో న్యాయం కనబడింది.

ఆ ప్రశ్న బాలచందర్ కల్పించింది కాదు. తమిళనాడులో అది చాలా ఏళ్ళుగా ఉన్నదే. కచేరీల్లో తమిళ పాటలకి చోటు కావాలని రాజా సర్ అణ్ణామలై చెట్టియార్ ముందుండి నడిపిన ఉద్యమం ఉంది. 1943లో మద్రాసులో తమిళ్ ఇసై సంఘం పుట్టింది కూడా అందుకే. అంతకు ముందే సుబ్రహ్మణ్య భారతి, విద్వాంసులు అర్థం తెలియకుండా అవే కీర్తనలు మళ్ళీ మళ్ళీ పాడుతున్నారని తన వ్యాసంలో విసుక్కున్నాడు. ఆ భారతే తన కవితలో తెలుగుని అందమైన భాష అని మెచ్చుకుని, ఆ భాషలో పాటలు పాడుకుందామన్నాడు. ఈ సినిమాలో భారతి పాట కూడా ఉంది. అంటే పోట్లాట తెలుగు మీద కాదు. అర్థం తెలియకుండా పాడడం మీద, అర్థం తెలియకుండా తలూపడం మీద.

ఆ మాటకొస్తే మన సంగతేమిటి? త్యాగరాజు 1767 నుంచి 1847 దాకా బతికింది తమిళదేశంలో. తిరువారూరులో పుట్టి తిరువయ్యారులో ఉండి తెలుగులో పాడుకున్నాడు. ఈనాటికీ ప్రతి ఏటా పుష్య బహుళ పంచమినాడు తమిళులు, మలయాళీలు, కన్నడిగులు అక్కడ కూర్చుని పంచరత్న కీర్తనలు పాడుతున్నారు. మన ఇళ్ళల్లో ఎంతమంది పిల్లలకి ఆ కీర్తనల అర్థం తెలుసు? “ఆయన మావాడు” అని గొప్ప చెప్పుకోవడం వేరు, ఆయన ఏమన్నాడో విడమరిచి పిల్లలకి చెప్పడం వేరు. సింధు అడిగిన ప్రశ్న తమిళ విద్వాంసుణ్ణే కాదు, వెనక వరసలో కూర్చున్న మనల్నీ అడిగినట్టే. పైగా ఆ పిల్ల త్యాగరాజుని తోసిపుచ్చలేదు. తన పల్లెపాట చెయ్యి పట్టుకుని నడిపించి ఆయన గుమ్మం దగ్గరే వదిలిపెట్టింది. తెలుగుకి ఇంతకంటే మర్యాద ఎవరు చేస్తారు?

ఇంతవరకూ నాకు పేచీ లేదు. పేచీ అంతా భైరవి దగ్గర.

భైరవిగా వేసింది సులక్షణ. విశ్వనాథ్ గారి ‘శుభోదయం’లో కథానాయికగా మనం చూసిన అమ్మాయే. అవార్డు సుహాసినికి వచ్చింది, న్యాయంగానే వచ్చింది. కానీ ఈ సినిమాలో కష్టమైన వేషం సులక్షణది. సింధుకి చదువుంది, తెగువుంది, పాటుంది. ప్రేక్షకుల మనసు ఆమె వైపు తేలిగ్గా వాలిపోతుంది. భైరవికి ఏముంది? భర్త పాడుతుంటే అదేమిటో తెలియని చెవులు, బిడ్డ లేని ఒడి. అంత తక్కువతో ఆ అమ్మాయి మనల్ని నవ్వించింది, ఏడిపించింది.

జె.కె.బి.కి ఇంట్లో మాట్లాడుకునే మనిషి లేదట. తన సంగీతం అర్థం చేసుకునే తోడు లేదట. అందుకని బయట వెతుక్కున్నాడట. పెద్ద పెద్ద కళాకారుల గురించి ఈ మాట మనం చాలాసార్లు విన్నాం. విన్నప్పుడల్లా నాకొక సందేహం. అన్నేళ్ళ కాపురంలో ఆ మహానుభావుడు ఒక్క సాయంత్రం భార్యని ఎదురుగా కూర్చోబెట్టుకుని, “ఇదిగో, ఇది కల్యాణి, ఇది కానడ” అని చెప్పి ఉండకూడదా? మృదంగం ఆయన్ని తాగుడు మానమని ఒట్టు పెట్టించుకున్నాడు. తంబురా అతన్ని అబద్ధాలు మానమన్నాడు. పక్కవాద్యాల వాళ్ళని దిద్దే తీరిక ఉంది. పక్కనున్న మనిషికి పాఠం చెప్పే తీరికే లేకపోయిందా? నేర్పించి, రాకపోతే అప్పుడు అనాలి. నేర్పకుండానే రాదన్నవాడు గురువు కాడు, మొగుడు అంతకన్నా కాడు.

సినిమా ఈ ప్రశ్న అడగదు. భైరవి అమాయకత్వాన్ని చూపించి మనల్ని నవ్విస్తుంది. నిజం చెప్పాలంటే అక్కడ నేనూ నవ్వుతాను, బాలచందర్ అంత గడుసుగా తీశాడు. నవ్వు అయ్యాక మాత్రం మన అమ్మలూ అత్తలూ గుర్తొస్తారు. ఉత్తరం రాయడం రాదని, ఇంగ్లీషు రాదని, నలుగురిలో మాట్లాడడం రాదని జీవితమంతా చిన్నబోయినవాళ్ళు. వాళ్ళకి ఎవరు నేర్పారు గనక!

సినిమా పేరే చూడండి. సింధుభైరవి ఒక రాగం. కచేరీలో ప్రధానమైన కీర్తనలన్నీ అయిపోయాక, చివర్లో తుక్కడాలు పాడేటప్పుడు వినిపించే రాగం. ఆ రాగానికి ఒక అందముంది. తనది కాని స్వరాలని కూడా లోపలికి రానిస్తుంది. అన్యస్వరం వచ్చిందని ముఖం ముడుచుకోదు, దానికీ ఒక పీట వేస్తుంది. ఇద్దరు ఆడవాళ్ళ పేర్లు కలిపితే ఆ రాగం వచ్చింది. కథలో వాళ్ళిద్దరూ సగం రక్తం పంచుకున్న అక్కాచెల్లెళ్ళు కూడాను. పేరులో ఇంత పొందిక ఉంది కదా అని ఎదురుచూస్తాం. సినిమా పూర్తయ్యేసరికి సింధుకి పాటలున్నాయి, ఆయనకి పాటలున్నాయి, ఆఖరికి తాగుబోతుల కోసమూ ఒక పాట ఉంది. భైరవి నోట మాత్రం పాట లేదు. రాగం పేరు పెట్టి, పాట పెట్టలేదు.

పోనీ సింధుకి దక్కిందేమిటి? బిడ్డని కని, భైరవికి ఇచ్చి, వెళ్ళిపోయింది. భైరవి ఇంట్లో చోటిస్తానన్నా కాదంది. థియేటర్లో కళ్ళొత్తుకోని ఆడది ఉండి ఉండదు. ఎంత త్యాగం, అనుకున్నాం. తల్లి లేని పిల్లగా పెరిగిన సింధు, తన బిడ్డని తల్లి ఉండగానే ఆ తల్లికి దూరం చేసుకుంది. అది కూడా తన ఇష్టంతోనే, నవ్వుతూ. ఇంత బరువైన పనిని మన కథల్లో ఎప్పుడూ ఆడదాని ఇష్టంతోనే చేయిస్తారు. బలవంతం చేస్తే ప్రేక్షకులు ఒప్పుకోరు గనక.

లెక్క చూసుకుంటే, భర్త భైరవికే మిగిలాడు, బిడ్డ దొరికింది, మనసులో మచ్చ అలాగే ఉంది. సింధుకి పాట మిగిలింది, బిడ్డ పోయింది. ఆయనకి? సంగీతం తిరిగొచ్చింది, ఇల్లు తిరిగొచ్చింది, మర్యాద తిరిగొచ్చింది, కొడుకో కూతురో ఒళ్ళోకి వచ్చింది. ఆరోహణ పాట పాడింది ఆయనే గాని, ఆయన ఎక్కే నిచ్చెన అటూ ఇటూ పట్టుకున్నది వీళ్ళిద్దరూ.

ఇది తమిళ కథ అని తప్పించుకునే వీలు మనకి లేదు. అంతకు మూడేళ్ళ ముందు, 1982లో, మన దాసరి నారాయణరావు ‘మేఘసందేశం’ తీశాడు. అక్కడ కవి, ఇల్లాలు, కళ తెలిసిన మరో స్త్రీ. రమేష్ నాయుడు సంగీతం. దానికీ జాతీయ అవార్డులు వచ్చాయి, ఏసుదాసుకీ, సుశీలకీ కూడా. ఆ ఇల్లాలిగా జయసుధ మౌనంగా నిలబడితే మనం కన్నీళ్ళు పెట్టుకున్నాం. కళాకారుడికి స్ఫూర్తి కావాలి, దానికి మూల్యం ఇంట్లోది చెల్లించాలి, బయటిదీ చెల్లించాలి. రెండు భాషల్లోనూ ఖాతా ఒకటే. కళ తెలిసినది ఆడదై, కళ తెలియనివాడు మొగుడైతే? అతను వంటింట్లో మౌనంగా నిలబడి ఆమెను స్ఫూర్తి దగ్గరికి సాగనంపే సినిమా ఎవరైనా తీస్తారేమోనని చూస్తున్నాను. టిక్కెట్టు మొదటి రోజే కొంటాను.

బాలచందర్‌కి మాత్రం సంగీతం గురించిన ఆ ప్రశ్న వదల్లేదు. 1988లో మన భాషలో ‘రుద్రవీణ’ తీశాడు. అక్కడా మళ్ళీ అదే. సంగీతం గొప్పవాళ్ళ వేదిక మీదేనా, సామాన్యుడి గడప దాకా రావద్దా? మళ్ళీ ఇళయరాజాయే, మళ్ళీ జాతీయ అవార్డే. సంగీతాన్ని జనంలోకి తీసుకురావాలని అంత గట్టిగా కోరుకున్న దర్శకుడు, ఆ జనంలో మొదటి మనిషి సొంత వంటింట్లోనే ఉందని ‘సింధుభైరవి’లో గమనించి ఉంటే ఎంత బాగుండేది! సింధు పోరాడింది అర్థం తెలియని శ్రోత కోసం. ఆ విద్వాంసుడికి అందరికంటే దగ్గరగా కూర్చున్న అర్థం తెలియని శ్రోత భైరవే కదా. ఆ సినిమా వాదన నిజంగా గెలవవలసింది కచేరీ హాల్లో కాదు, ఆ ఇంట్లో.

అలాగని చూడవద్దంటానా? తప్పకుండా చూడండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ‘పాడరియేన్’ వచ్చినప్పుడు, ఆ పల్లెపాట త్యాగరాజు కీర్తనలోకి మలుపు తిరిగే చోట కాస్త చెవి పెట్టమనండి. రెండు వేర్వేరు లోకాలు ఒకదాన్నొకటి చిన్నబుచ్చుకోకుండా ఒక రాగంలో ఎలా ఇమిడాయో వాళ్ళకి తెలుస్తుంది. బాలచందర్ 2014లో వెళ్ళిపోయాడు. ఆయన కథలో కుదరని న్యాయం ఇళయరాజా పాటలో కుదిరింది. కథకులం ఎంత చెప్పుకున్నా, కొన్నిసార్లు సంగీతమే మాకంటే ధర్మంగా ఉంటుందని ఒప్పుకోక తప్పదు.

ఆ కీర్తన అర్థం పిల్లలు అడిగితే మాత్రం దాటెయ్యకండి. తెలిసినంత చెప్పండి. వాళ్ళ నాన్నగారు అక్కడే పేపరు చదువుకుంటూ కూర్చుంటే ఆయనకీ వినబడేటట్టు, కాస్త గట్టిగా.